వచ్చి పోయే పక్షవాతం

పక్షవాతం అనే మాట వినని ఇల్లు మన ప్రాంతంలో లేదు. పక్షమంటే ఒక వైపు. శరీరంలో ఒక పక్కను వాతం పట్టుకొన్నదని తెలుగువారి భావన. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే ఫాలిజ్ అంటారు. ఆ అరబ్బీ మాటకు మూలమైన ధాతువుకు రెండుగా చీల్చుట అని అర్థం. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని రెండు భాషలు, మనిషి నిలువునా సగమైపోవడాన్ని ఒకే తీరున చూచి పేరు పెట్టినవి. మూతి మాత్రమే వంకరపోతే దానికి లఖ్వా అని వేరే పేరు కూడా ఉన్నది. ఇన్ని పేర్లున్న ఈ వ్యాధికి ఒక చిన్న రూపం కలదు. అది హఠాత్తుగా వచ్చి, పది నిమిషాలో అరగంటో ఉండి, తనంతట తానే పోతుంది. దానికి మాత్రం మన రెండు భాషలలోనూ జనం నోట నలిగిన పేరు లేదు. పేరు లేని జబ్బును ఎవరూ జబ్బుగా లెక్కించరు. "కళ్ళు తిరిగినవి" అంటారు. "చక్కర్ ఆయా" అంటారు. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు గదా, నీరసం" అంటారు. అంతటితో ఆ సంగతి ముగిసిపోతుంది. వైద్యులు దానిని ట్రాన్సియెంట్ ఇస్కీమిక్ ఎటాక్ అనీ, పొట్టిగా టి.ఐ.ఏ. అనీ, వాడుకలో మినీ స్ట్రోక్ అనీ వ్యవహరిస్తున్నారు.

తెలుగు పాఠం చెప్పుకొనే మేము వైద్య విషయం వ్రాయడం పాఠకులకు వింతగా తోచవచ్చు. వైద్యునికున్న అధికారం మాకు లేదు. మా ఇంట జరిగినది ఒకటున్నది. దాని తరువాత వైద్యులను అడిగి, చదివి తెలుసుకొన్నది కొంత ఉన్నది. దానిని మన విద్యార్థుల ద్వారా వారి ఇండ్లలోని పెద్దలకు చేర్చవలెనన్నదే మా కోరిక.

2011 శీతాకాలం. మేము ఎం.ఏ. చదువుతూ సెలవులకు ఊరు వచ్చిన రోజులు. మా నానా, అనగా మాతామహులు, ఉద్యోగ విరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయులు. వయస్సు డెబ్బది రెండు. ఉదయపు నమాజు చేసి వచ్చి, వరండాలో కుర్చీ వేసుకొని ఎవరికో ఉత్తరం వ్రాస్తున్నారు. కలం జారి క్రింద పడింది. తీసి ఇవ్వబోతే అందుకొనడానికి ఆయన కుడి చేయి లేవలేదు. "ఏమైంది నానా?" అని అడిగాము. ఆయన మా వైపు చూచి, "వో... వో చెంబు... కాగితంలో నీళ్ళు..." అన్నారు. ఆ కళ్ళలో భయం లేదు. మేము ఎందుకు అర్థం చేసుకొనడం లేదన్న విసుగు మాత్రం ఉన్నది. పావుగంట గడిచింది. చేయి లేచింది, మాట వచ్చింది. ఇంటిల్లిపాదికీ నమ్మకం కలిగించడానికి కలం పుచ్చుకొని తన పేరును అందంగా వ్రాసి చూపారు. చాయ్ త్రాగారు. మా నానీ ఎండు మిరపకాయలు త్రిప్పి దిష్టి తీసింది. ఊరిలో వైద్యం చేసే ఆయన వచ్చి, గ్లూకోజు ఎక్కించి, "నీరసం తప్ప మరేమీ లేదు మాస్టారూ, పెళ్ళికొడుకులా ఉన్నారు" అని నవ్వించి వెళ్ళాడు. అందరమూ నవ్వాము. మరుసటి రాత్రి గడిచి తెల్లవారేసరికి నానా మంచం మీది నుంచి లేవలేకపోయారు. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. ఆపై నాలుగు సంవత్సరాలు జీవించారు. ముప్పది ఏళ్ళు తరగతి గదిలో మాట్లాడిన మనిషికి "అచ్ఛా" అన్న ఒక్క మాట మిగిలింది. సంతోషానికీ అదే, కోపానికీ అదే, ఆకలికీ అదే.

ఇది మా ఇంటికే పట్టిన విడ్డూరం కాదు. 1861లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పాల్ బ్రోకా "టాన్" అన్న ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేని రోగిని చూచి, అతడు మరణించిన తరువాత మెదడును పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ తిన్న చోటును కనుగొన్నారు. మెదడులో మాటకు ఒక స్థానమున్నదని లోకానికి తెలిసినది అట్లా. మెదడు ఎడమ సగం శరీరపు కుడి పక్కను నడుపుతుంది. అధిక సంఖ్యాకులలో మాట కూడా ఆ ఎడమ సగంలోనే ఉంటుంది. మా నానాకు కుడి చేయీ మాటా కలిసి పోయినది అందుచేతనే. ఆ సంవత్సరం మా పాఠ్యగ్రంథాలలో భాషాశాస్త్రం ఉన్నది. ఇంటి వరండాలో అది కళ్ళ ఎదుట జరిగినప్పుడు మాత్రం మాకు తెలియలేదు.

ఇంతకూ ఆ పావుగంటలో జరిగినదేమి? మానవుని మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు, అనగా శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు. శరీరం వాడుకొనే ప్రాణవాయువులో మాత్రం సుమారు నూటికి ఇరువది పాళ్ళు దానికే కావాలి. రేపటికని దాచుకొనే గాదె దానికి లేదు. క్షణక్షణమూ నెత్తురు అందుతూనే ఉండాలి. ఆ నెత్తురు మెడలో నుంచి నాలుగు ధమనుల ద్వారా పైకి పోతుంది. ముందు వైపున ఇరుపక్కలా రెండు కెరోటిడ్ ధమనులు, వెనుక వెన్నుపూసలలో నుంచి పోయేవి మరి రెండు. వయస్సు, రక్తపోటు, చక్కెర వ్యాధి, పొగాకు కారణంగా ఈ ధమనుల లోపలి గోడలకు కొవ్వు పేరుకొని గరుకు తేలుతుంది. ఆ గరుకు మీద నెత్తురు గడ్డకట్టి, చిన్న ముక్క విడివడి పైకి కొట్టుకొనిపోతుంది. ఒక్కొక్కప్పుడు ఆ ముక్క గుండెలో పుడుతుంది. గుండె లయ తప్పి కొట్టుకొనేటప్పుడు లోపల నెత్తురు నిలువ ఉండి పేరుకొంటుంది.

మన డెల్టా ప్రాంతపు విద్యార్థులకు పంట కాలువ తెలుసు. ఎగువన గట్టుకు పట్టిన గుర్రపు డెక్క కొంత ఊడి వచ్చి ఒక పిల్ల కాలువ తూముకు అడ్డుపడితే, దాని క్రింది మడి ఎండుతుంది. కొంతసేపటికి నీటి ఒత్తిడికి ఆ డెక్క తానే ఛిన్నమై కొట్టుకొనిపోతే మడికి మళ్ళీ నీరు వస్తుంది. రైతు సంతోషిస్తాడు. కాని ఎగువన గట్టుకు పట్టిన డెక్క అక్కడే ఉన్నది. రేపు వచ్చే ముక్క పెద్దది కావచ్చు, కదలక నిలిచిపోవచ్చు. టి.ఐ.ఏ. స్వభావం ఇదే. గడ్డను కరిగించే శక్తి శరీరానికి కొంత ఉన్నది కనుక ఈసారి తప్పింది. గడ్డను పుట్టించిన కారణం ఎక్కడికీ పోలేదు.

ఈ సంగతిని శ్రద్ధగా పట్టుకొన్నవారిలో కెనడా దేశస్థుడైన మిల్లర్ ఫిషర్ ముఖ్యులు. మెడలోని కెరోటిడ్ ధమని మూసుకొనిపోవడం గురించి ఆయన 1951లో ప్రకటించిన వ్యాసంలో, పక్షవాతం వచ్చినవారిలో కొందరికి అంతకు ముందే క్షణికమైన హెచ్చరికలు వచ్చిపోయినవని వివరించారు. కొందరికి ఒక కన్ను కొద్ది నిమిషాలు చీకటి కమ్మి మళ్ళీ తెలివి వచ్చేది. అటువంటి చీకటి కమ్మిన సమయంలోనే ఒక రోగి కంటిలోనికి పరికరంతో చూచి, రక్తనాళంలో తెల్లని పదార్థం మెల్లగా జరిగిపోతూ ఉండడాన్ని గమనించి 1959లో ప్రకటించారు. గడ్డ ప్రయాణాన్ని మనిషి కంటితో చూచిన అరుదైన సందర్భమది.

పూర్వం 24 గంటలలోగా పూర్తిగా తగ్గితే టి.ఐ.ఏ. అనీ, ఆపై నిలిస్తే స్ట్రోక్ అనీ గీత గీచారు. నిజానికి ఇవి చాలావరకు గంటలోపే తగ్గిపోతాయి. పైగా తగ్గిపోయినదనుకొన్నవారిలో కూడా పలువురికి ఎం.ఆర్.ఐ. పరీక్షలో మెదడులో చిన్న గాయం కనబడుతున్నది. అందుచేత 2009లో అమెరికా వైద్య సంఘాలు గడియారపు లెక్కను తొలగించి, మెదడుకు శాశ్వతమైన గాయం లేకుండా తగ్గితేనే టి.ఐ.ఏ. అని నిర్వచనం మార్చినవి. నిర్వచనాల తగవు వైద్యులది. మనకు కావలసినది ఒక్కటే: 24 గంటలు చూద్దామని కూర్చోవడానికి ఎవరికీ హక్కు లేదు. ఎందుకంటే ప్రమాదమంతా ఆ మొదటి గంటలలోనే ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో టి.ఐ.ఏ.తో అత్యవసర విభాగానికి వచ్చినవారిని పరిశీలించి 2000లో ప్రకటించిన అధ్యయనంలో, నూటికి పదిమందికి పైగా 90 రోజులలో స్ట్రోక్‌కు గురియైనారు. వారిలో సగం మందికి అది మొదటి రెండు రోజులలోనే వచ్చింది. మా నానా ఆ సగంలో చేరినవారు. 2007లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నుంచి వచ్చిన మరొక అధ్యయనం ఊరట కలిగిస్తుంది. అక్కడ ఇటువంటి రోగులకు పరీక్షలు, మందులు ఆలస్యం లేకుండా మొదలుపెట్టగా, 90 రోజులలో మళ్ళీ స్ట్రోక్ వచ్చేవారి సంఖ్య నూటికి 10.3 నుంచి 2.1కి తగ్గింది. చాలావరకు పాత మందులే. ముందుగా ఇచ్చారు, అంతే.

ఇక గుర్తించడమెట్లా? ఇంగ్లండులో 1990ల చివర ముఖం, చేయి, మాట అన్న మూడింటినీ చూచే పద్ధతి రూపొందింది. పెద్దవారిని నవ్వమనండి, మూతి ఒక పక్కకు జారుతున్నదేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాచి ఉంచమనండి. ఒకటి క్రిందికి వాలిపోతున్నదేమో చూడండి. ఒక చిన్న వాక్యం చెప్పించండి. మాట ముద్దగా వస్తున్నదా, ఒక మాటకు మరొకటి దొర్లుతున్నదా గమనించండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా తప్పినా చాలును, మిగిలిన రెంటి కొరకు ఎదురు చూడనక్కరలేదు. తరువాతి కాలంలో వీటికి నడకలో తూలడం, చూపు పోవడం కూడా చేర్చారు.

వాక్యం చెప్పించే విషయంలో మన కళాశాల పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మన ఇండ్లలో పెద్దలు ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించడం నిత్యవ్యవహారం. అది రోగ లక్షణం కాదు. మేమూ అట్లాగే మాట్లాడుతాము. కాని తెలిసిన మాట ఏ భాషలోనూ దొరకకపోవడం, చెంబు అనబోయి కాగితం అనడం, ఎదుటివారి మాట అర్థం కాకపోవడం లక్షణాలు. ఒక భాష నిలిచి, మరొకటి తడబడే అవకాశం కూడా కలదు. కనుక వారు చిన్ననాటి నుంచి మాట్లాడిన భాషలో అడగండి. అందులో బాగున్నా, రోజూ వాడే రెండవ భాషలో హఠాత్తుగా తడబాటు కనబడితే దానిని కూడా లెక్కలోనికి తీసుకొనండి.

వృద్ధులలో ఈ గుర్తులు పుస్తకంలో ఉన్నట్లు కనబడవు. పళ్ళు లేని నోట మూతి వంకర తెలియదు. చెవుడున్నవారు బదులు చెప్పకపోతే వినబడలేదనుకొంటాము. అందుచేత నిత్యకృత్యాలలోనే గమనించాలి. నోరు పుక్కిలించే వేళ నీళ్ళు పెదవుల ఒక మూల నుంచే కారిపోవడం; అన్నం ముద్ద ఒక బుగ్గలోనే ఉండిపోవడం; కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచిపోవడం; ముగ్గు పెట్టే చేతి నుంచి పిండి, జపమాల త్రిప్పే చేతి నుంచి మాల ఉన్నట్టుండి జారిపోవడం; చొక్కా గుండీ పెట్టుకొనలేక వెతుకులాడడం. ఇవన్నీ ఒక పక్కనే, హఠాత్తుగా జరిగితే అనుమానించాలి. ఇక కంటి సంగతి. ఒక కన్నుకు పైనుంచి పరదా దించినట్లు చీకటి కమ్మి, కొద్ది నిమిషాలలో పరదా లేచిపోతుంది. నొప్పి ఉండదు. "మోతిబిందు ముదిరింది" అని పెద్దలు దానిని కంటి శుక్లం మీదికి నెట్టివేస్తారు. శుక్లం నెలల తరబడి ముదురుతుంది గాని, పది నిమిషాలకు వచ్చి పోదు. ఒక్కొక్క కన్నూ మూసి చూడమంటే ఏ కన్ను పోయినదో తెలుస్తుంది.

అన్నిటికంటె పెద్ద చిక్కు వృద్ధుల మౌనం. కొడుకు సెలవు పెట్టవలసి వస్తుందని, కోడలు కంగారు పడుతుందని, ఆసుపత్రి ఖర్చవుతుందని చెప్పకుండా దాచుకొంటారు. తగ్గిపోయిన తరువాత చెప్పడానికి సిగ్గు పడతారు. ఒంటరిగా ఉన్న వేళ వచ్చి పోతే ఇక ఎవరికీ తెలియదు. "నిన్న కాసేపు చేయి తిమ్మిరెక్కిందిలే" అని వారు ముక్తసరిగా అన్నప్పుడు, ఏ చేయి, ఎంతసేపు, మాట బాగున్నదా అని మనుమలు ప్రక్కన కూర్చొని అడగాలి. కన్నవారికి చెప్పనిది మనుమలకు చెబుతారు.

ప్రతి కళ్ళతిరుగుడూ పక్షవాతం కాదు. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మి స్పృహ తప్పడం, రెండు చేతులూ సమంగా తిమ్మిరెక్కడం, ఒళ్ళంతా నీరసించడం ఇతర కారణాల వలన రావచ్చు. చక్కెర వ్యాధికి మందు వాడేవారిలో నెత్తురులో చక్కెర బాగా పడిపోతే మాట తడబాటు, ఒక పక్క బలహీనత కూడా అచ్చం ఇట్లాగే వస్తాయి. ఇంట పరికరముంటే వెంటనే చూడవలసినది అదే. లఖ్వాలో ముఖపు నరం చెడినందున నొసలు ముడతపడదు, ఆ వైపు కన్ను మూతపడదు. మెదడు నుంచి వచ్చిన పక్షవాతంలో సాధారణంగా నొసలు బాగానే ఉండి మూతి మాత్రం జారుతుంది. ఈ తేడా పాఠకుల తెలివి కొరకు చెప్పితిమి గాని, ఇంటిలో కూర్చొని తీర్పు చెప్పడానికి కాదు. మూతి వంకరకు పసరు పూయడం, పావురం నెత్తురు రుద్దడం మన పల్లెలలో ఇంకా విన్నాము. ఆ పూతలో పోయేది విలువైన సమయం.

గుర్తులు కనబడిన వెంటనే గడియారం చూచి సమయం వ్రాసుకోవాలి. చివరిసారి బాగుండగా ఎప్పుడు చూచారన్నది వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న. గడ్డ కరిగించే సూదిమందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోపే ఇవ్వగలరు. 108కి ఫోను చేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైన ఆ వాహనం నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉన్నది. ఏ ఆసుపత్రికి పోవాలన్నప్పుడు దగ్గరిదా, పెద్దదా అని కాక, సి.టి. స్కాన్ రాత్రింబవళ్ళు జరిగేదేనా అని అడగాలి. మ్రింగుడు సరిగా ఉన్నదో లేదో తెలియదు కనుక చాయ్, నీళ్ళు, సోడా నోట పోయరాదు. రక్తపోటు మాత్ర అదనంగా వేయరాదు. ఆస్పిరిన్ మంచిదని విన్నవారు తొందరపడరాదు. మెదడులో నెత్తురు కారడం వలన కూడా ఇవే లక్షణాలు వస్తాయి, అప్పుడు ఆ మాత్రే కీడు చేస్తుంది. దారిలో తగ్గిపోయినా వెనుకకు తిరగరాదు. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకొనిపోవాలి.

ఆసుపత్రిలో మెదడు చిత్రం, ఈ.సి.జి., మెడ ధమనుల పరీక్ష, నెత్తురు పరీక్షలు చేస్తారు. గుండె లయ తప్పి ఉంటే నెత్తురు గడ్డకట్టనీయని మందులు వేరే ఉన్నవి. మెడ ధమని బాగా ఇరుకైతే శస్త్రచికిత్సతో శుభ్రపరుస్తారు. 1954లో లండన్‌లోని సెయింట్ మేరీ ఆసుపత్రిలో ఈ కోవకు చెందిన తొలి శస్త్రచికిత్సలలో ఒకటి జరిగింది. ఆ రోగి 66 ఏళ్ళ గృహిణి. ఆమెకు అప్పటికి 33 సార్లు ఇట్లా వచ్చి పోయినదట! ముప్పది మూడు సార్లు హెచ్చరిక అందరికీ రాదు. మా నానాకు ఒక్కసారే వచ్చింది.

ముందు జాగ్రత్తలలో అన్నిటికంటె మొదటిది రక్తపోటు. అది నొప్పి పుట్టించదు కనుక మాత్ర మానడం మనవారికి సులభం. ఉప్పు, ఊరగాయలు, బీడీ, జర్దా సంగతి అందరికీ తెలిసినదే. రంజాన్ మాసంలో రక్తపోటు, చక్కెర మందులు వాడే పెద్దలు తమంతట తాము మాత్రలు మానడం మేము చూచాము. నెల మొదలు కాకముందే వైద్యుని వద్దకు పోతే, సహరీకి ఏది, ఇఫ్తారుకు ఏది అన్నది ఆయనే చెబుతారు. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం విషయంలో ధర్మం సడలింపు ఇచ్చినదని పెద్దలకు గుర్తు చేయడం కూడా మనుమల పనే. మన కళాశాల కమిటీవారు వార్షికోత్సవం నాడు ఒక రక్తపోటు పరికరాన్ని, దానిని వాడగల ఒక నర్సును ఏర్పాటు చేసి, పిల్లలతో వచ్చే తాతలను, నానీలను ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టగలిగితే మంచిది. ఖర్చు పెద్దగా కాదు.

2019లో ఒక మధ్యాహ్నం మా నానీ బియ్యం ఏరుతూ ఉండగా ఎడమ చేతి నుంచి చేట జారిపోయింది. బియ్యం నేలపాలైనవి. పదకొండు నిమిషాలలో చేయి మామూలైంది. ఆమె చీపురు తీసుకొని బియ్యం ఊడ్చుకొంటూ, "ఏమీ లేదు బేటా, ఆసుపత్రి ఎందుకు?" అన్నది. మేము ఆ పదకొండు నిమిషాలనూ చీటీ మీద వ్రాసి, బియ్యాన్ని నేల మీదనే వదలి, ఆమెను తీసుకొనిపోయాము. గుండె లయ తప్పినదని ఆ సాయంత్రమే తేలింది. నాటి నుంచి ఆమె మాత్ర మానలేదు. పప్పులో ఉప్పు తగ్గించారని మాతో రోజూ తగవు పడుతూనే ఉన్నది, రెండు భాషలలోనూ.